జైళ్లలో లంచానికి అసలు తావు ఎక్కడ ఉంది?

ప్రశ్న:
జైలు అవినీతి అనగానే ములాఖత్ కోసం వార్డరు చేతిలో పెట్టే నోటో, దొంగచాటుగా లోపలికి చేరే సెల్‌ఫోనో గుర్తుకు వస్తాయి. సిబ్బంది జీతాలు పెంచి కెమెరాలు పెడితే ఇది తగ్గుతుందా, లేక జైలు నడిచే తీరులోనే లంచానికి తావు ఉందా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
జీతాల సంగతి తీసివేయదగినది కాదు. ఖైదీలతో ఎలా వ్యవహరించాలో చెబుతూ ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు కూడా సిబ్బందికి తగిన వేతనం ఉండాలంటాయి. అయితే బయట కార్యాలయంలో లంచం అడిగితే మనిషి లేచి వెళ్లిపోగలడు. ఖైదీకి ఆ దారి లేదు. పడుకునే చోటు, వైద్యుడి దర్శనం, పెరోల్‌కు కావలసిన ప్రవర్తన నివేదిక ఒకే అధికారి ఇష్టం మీద ఆధారపడినప్పుడు, హక్కుగా రావలసినది అమ్మకపు సరుకవుతుంది. జైలు కిక్కిరిసిన కొద్దీ దాని ధర పెరుగుతుంది.

జవాబు 2:
నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనవి రికార్డులు, కానీ వాటిని ఎవరూ పట్టించుకోరు. ఖైదీని ఎవరి ఉత్తర్వుపై, ఏ రోజు, ఏ గంటకు చేర్చుకున్నారో, ఒంటిపై ఏ గాయాలున్నాయో, వెంట ఏ వస్తువులు తెచ్చాడో రాసి ఉంచాలని ఆ మండేలా నియమాల్లో 7వ నియమం చెబుతుంది. ఆ రికార్డును ఎవరైనా దిద్దితే జాడ తెలిసేలా ఉండాలని 6వ నియమం కోరుతుంది. ఇవి లేనిచోట తెచ్చిన డబ్బు మాయమవుతుంది, కొట్టిన దెబ్బ పాత గాయమవుతుంది, విడుదల తేదీ వాయిదా పడుతుంది. ‘ఫైలు కనబడడం లేదు’ అన్న మాటే అక్కడ లంచం అడగడం. వార్డరు చేయి చాపకముందే కాగితం చాపుతుందన్నమాట.

జవాబు 3:
అవినీతి గోడల లోపలే పుడుతుందనుకోవడం కూడా పొరపాటు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఇద్దరు న్యాయమూర్తులు ప్రైవేటు బాలల నిర్బంధ కేంద్రాలతో సంబంధమున్నవారి నుంచి 25 లక్షల డాలర్లకు పైగా పుచ్చుకున్నట్టు 2009లో బయటపడింది. చిన్న తప్పులకే పిల్లలను నిర్బంధానికి పంపిన వేలాది తీర్పులను తర్వాత రద్దు చేయవలసి వచ్చింది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. మరి ఫిర్యాదు పెట్టె ఉంటే సరిపోతుందా?

జవాబు 2 రాసినవారు:
తాళంచెవి జైలరు దగ్గరే ఉంటే సరిపోదు. తనిఖీకి వచ్చేవారు బయటి సంస్థకు చెందినవారై, చెప్పకుండా రాగలగాలి, ఏ ఖైదీతో మాట్లాడాలో తామే ఎంచుకొని ఏకాంతంగా మాట్లాడగలగాలి. 83, 84 నియమాలు కోరేది ఇదే. మాట్లాడిన ఖైదీని మరునాడే వేరే బ్యారక్‌కు మార్చారా అన్నది కూడా వారు రిజిస్టరులో చూడాలి.