ఆటల్లో హుషారు, చదవమంటే మౌనం: ఒకటో తరగతిలో ఎక్కడ తప్పుతోంది?

ముందు_బెంచీ అడిగారు:

అందరికీ నమస్కారం. ఒకటో తరగతి, 34 మంది పిల్లలు, 40 నిమిషాల పీరియడ్. తెలుగు చదవడం, రాయడం ఆటలతో నేర్పాలని నెల రోజులుగా అక్షరాల తొక్కుడుబిళ్ల, హౌసీ, ఇసుకలో రాయడం చేయిస్తున్నాను. ఆడినంతసేపూ హుషారే. తీరా బోర్డు మీద 'పలక' అని రాసి చదవమంటే సగం మంది నా మొహం చూస్తారు. ఇంకొందరికి విడిగా ఒక అక్షరం చూపిస్తే, 'అ అమ్మ, ఆ ఆవు' అని మొదటి నుంచీ వల్లించుకుంటూ వస్తే తప్ప అదేమిటో చెప్పలేరు. ఏ ఆటలు నిజంగా పనికొస్తాయి? రాత ఎప్పుడు మొదలుపెట్టాలి? గోల సంగతి సరే సరి.

బలపం_ముక్క:

మీ తొక్కుడుబిళ్లనే తీసుకుందామండీ. గడుల్లో అక్షరాలు చెరిపేసి పువ్వులు వేయండి. ఆట ఆగుతుందా? ఆగదు. అంటే అక్షరం అక్కడ ముగ్గులా ఉందంతే. చదవకపోతే ఆట ముందుకు కదలకూడదు, ఏ ఆటకైనా నేను పెట్టే పరీక్ష ఇదొక్కటే. అదే గీతల్లో ఇలా మార్చి చూడండి: ఒకరు చీటీ తీసి 'పలక' అని పైకి చదవాలి, రెండోవారు ప, ల, క గడుల్లోకి ఆ వరసలోనే గెంతాలి. తప్పు గడిలో కాలు పెడితే మిగతావాళ్లే పట్టుకుంటారు, మీరు నోరు విప్పనక్కర్లేదు.

వర్ణమాల వరసను కాసేపు పక్కన పెట్టండి. త, ల, ప, డ, వ, క. ఈ ఆరింటితో, గుణింతం ఒక్కటీ లేకుండా, తల, వల, కల, లత, పలక, పడవ, పడక, తడక, కడవ, కలప అని పది మాటలు వస్తాయి. ఒక్కో జట్టుకి 24 అక్షరాల ముక్కలు (అక్షరానికి నాలుగు), 10 బొమ్మ కార్డులు చాలు. ముక్క అరచేతిలో సగమైనా ఉండాలి, చిన్నదైతే తిరగేసి పెట్టేస్తారు. కింది అంచున ఒక గీత గీస్తే ఆ బెడద ఉండదు.

బొమ్మలన్నీ మధ్యలో పరచండి. ఒకరు తమ మనసులో ఒక బొమ్మ అనుకుని, దాన్ని చూపించకుండా, ఆ మాటను ముక్కలతో పేర్చాలి. మిగతావాళ్లు చదివి బొమ్మ మీద చెయ్యి వేయాలి. తల, వల, కల మూడింటికీ తేడా మొదటి అక్షరమే కాబట్టి ఊహించి గట్టెక్కడం కుదరదు.

ఈ ఆట చెడేది ఎక్కువగా బొమ్మల దగ్గరే. 'లత' బొమ్మ చూసి తీగ అంటారు, 'కలప' చూసి కట్టెలు అంటారు. 'కల'కి నిద్రపోతున్న పిల్లని వేస్తే 'పడక' అంటారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. అందుకే మొదటి రోజు ముక్కలు బయటికి తీయకండి. బొమ్మల పేర్లు పలికించడమే ఆ రోజు ఆట.

సున్నాచుట్టు:

పై మాటతో ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం. ప, వ రెండూ ఒకే వారంలో వద్దు. ప పైన నోరు తెరిచి ఉంటుంది, వ మూసుకుని ఉంటుంది, కొత్త కళ్లకి అంతకు మించి తేడా కనిపించదు. ముందు ఐదు అక్షరాలతో మొదలెట్టండి. తల, కల, లత, పలక, పడక, తడక, కలప అని ఏడు మాటలు అప్పటికే చేతికొస్తాయి. తడుముకోకుండా చదువుతున్నప్పుడు వ తెస్తే వల, పడవ, కడవ కలుస్తాయి. ద-డ, బ-భ, ఎ-ఏ జంటలకీ ఇదే పద్ధతి: మొదటిది కుదురుకున్నాకే రెండోది.

ఇంకొకటి, చప్పట్ల ఆట. మాటను ముక్కలు చేసి చప్పట్లు కొట్టించేటప్పుడు ఒత్తులున్న మాటలు ఇవ్వకండి. 'అమ్మ'ని చెవి 'అమ్-మ' అని విడగొడుతుంది, మన రాత మాత్రం 'అ-మ్మ' అని విడగొడుతుంది. చప్పట్లు రెండే అయినా ముక్కలు వేరు. పిల్లవాడు విన్నది సరిగ్గానే విని, రాసేటప్పుడు తికమకపడతాడు. పడవ, కడవ లాంటివైతే చప్పట్టుకి ఒక అక్షరం చక్కగా కుదురుతుంది.

ముందు_బెంచీ:

చాలా థాంక్స్. పువ్వుల పరీక్షకి నా హౌసీ కూడా నిలవదేమో, అక్షరం నేనే పైకి చెప్పి బోర్డు మీద చూపిస్తున్నాను కదా! 34 మందిని ఒకేసారి ఎలా ఆడించాలి? రాత గురించి కూడా ఎవరైనా చెప్పండి.

గుడిదీర్ఘం:

హౌసీని పారేయక్కర్లేదు. పలకడం మానేసి చీటీ మాత్రం ఎత్తి చూపించండి, పిల్లలే చదువుకుని గడి కొట్టేసుకుంటారు.

34 మంది అంటే ఐదుగురేసి ఆరు జట్లు, నలుగురితో ఇంకొకటి. జట్టులో ఆరో మనిషి వస్తే వంతు ఆలస్యమై పక్కవాడిని గిల్లడం మొదలవుతుంది. ఆట 15 నిమిషాలు దాటనివ్వకండి. రోజుకి రెండు జట్ల దగ్గర కూర్చోండి, తక్కిన ఐదూ అప్పటికే బాగా వచ్చిన ఆటలు ఆడుకుంటాయి. గోలకి అసలు కారణం చాలాసార్లు ఆట నియమమూ కొత్తదై, అక్షరమూ కొత్తదై ఉండటం. కొత్త ఆట నేర్పితే పాత అక్షరాలతో నేర్పండి. కొత్త అక్షరం తెస్తే పాత ఆటలో తెండి.

రాతకి వేరే ముహూర్తం అక్కర్లేదు, చదివిన అక్షరాన్ని ఆ రోజే చేతికి అలవాటు చేయండి. బంకమట్టిని చిటికెనవేలంత లావున పాములా చేసి అక్షరం చుట్టించండి. ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో దగ్గరుండి చూడండి, ఆకారం కుదిరినా దిశ తప్పితే తర్వాత వేగం రాదు. ఇసుక పళ్లెంలో ఇసుక అర సెంటీమీటరు మందమే ఉండాలి. ఎక్కువైతే గీసిన గాడిలోకి మళ్లీ జారి అక్షరం పూడిపోతుంది. సుద్దముక్కలు రెండు సెంటీమీటర్లకి విరిచి ఇవ్వండి, అంత చిన్నముక్కని పిడికిలితో పట్టుకోలేరు, మూడు వేళ్లూ వాటంతటవే కుదురుతాయి.

గుణింతాల దాకా వచ్చాక 'వు' దగ్గర కాస్త ఆగండి. వకి కొమ్ము పక్కన పెడితే మ అయిపోతుంది, అందుకే కింది నుంచి తిప్పుతాం. ప, ఫలకీ అంతే. చెప్పకపోతే 'ఆవు' కాస్తా 'ఆమ' అవుతుంది.

అసలు రాత పుట్టేది మాత్రం అవసరంలోంచి. దిమ్మెలతో ఇల్లు కట్టే మూల పక్కనే చీటీలు, పెన్సిళ్లు పెట్టి వదిలేయండి. ఎప్పుడో ఒకరోజు కట్టిన ఇంటి ముందు 'కలగటకడ' అని చీటీ కనిపిస్తుంది. 'కూలగొట్టకండి' అన్నమాట! ఎర్ర సిరా తీయకండి. క, ల, గ, ట, క, డ... ఆరు హల్లులూ వరస తప్పకుండా ఉన్నాయి, అంటే మాట మొత్తం చెవికి అందినట్టే. రాసినవాడి చేతే చదివించుకుని, కింద మీరు సరైన రూపం రాసి, చీటీని అక్కడే ఉంచండి. వచ్చే వారం ఆ పిల్లవాడికి నేర్పాల్సింది గుడి, కొమ్ము దీర్ఘం. ఒత్వం, సున్నా, ట ఒత్తు తర్వాత చూసుకోవచ్చు.