అప్‌డేట్: తమ్ముడి కంటి ఆపరేషన్ అయింది, కోత రెప్ప లోపలి నుంచే

బైక్ మీద నుంచి పడి మా తమ్ముడికి కంటిగూడు అడుగు ఎముక విరిగిందని, దాన్ని సరిచేయడానికి కింది రెప్పకి ఏ కోత మంచిదని ఇంతకుముందు అడిగాను కదా, ఆపరేషన్ అయి ఆరు వారాలైంది. చివరికి రెప్ప లోపలి పొర, అంటే కంజంక్టైవా గుండానే వెళ్లారు. బయట గాటు అస్సలు లేదు.

కనురెప్ప వెంట్రుకల కిందే కోసే సబ్‌సీలియరీలో మచ్చ బాగానే కలిసిపోతుంది కానీ, రెప్ప కిందికి లాగేసి తెల్లగుడ్డు ఎక్కువ కనిపించే ఇబ్బంది మిగతా వాటికన్నా దాంట్లోనే ఎక్కువట, నేనేమో మచ్చ గురించే టెన్షన్ పడుతూ కూర్చున్నా. ఇంకాస్త కింద కోసే సబ్‌టార్సల్‌లో ఆ లాగుడు తక్కువ, గీత మాత్రం కనిపించొచ్చు. ముడతలో దాక్కుంటుందన్నారు, 23 ఏళ్లవాడికి ముడతలెక్కడివి!

లోపలి కోతకీ రెప్ప లోపలికి తిరిగి వెంట్రుకలు గుచ్చుకునే రిస్క్ ఉందని ముందే చెప్పారు. చోటు చాలకపోతే కంటి బయటి మూలలో కొంచెం కోస్తామన్నారు, అవసరం పడలేదు. విరిగిన ఎముక చోట టైటానియం మెష్ (సన్నని లోహపు జాలీ) పెట్టారు.

ఎదురుగా చూస్తే రెండుగా కనిపించడం పోయింది, పైకి చూస్తే ఇంకా ఉంది. చెంప మొద్దుబారడం అలాగే ఉంది, అది కోత వల్ల కాదు, దెబ్బకి నరం నలగడం వల్లట, తగ్గడానికి నెలలు పట్టొచ్చన్నారు.