డిప్లొమా ఇండస్ట్రియల్ ట్రైనింగ్: కాలేజీ చెప్పిన కంపెనీయా, ఆటోనగర్ షాపా?

పటమట అన్నయ్య
అందరికీ నమస్కారం. మా తమ్ముడు బెజవాడలోనే మెకానికల్ డిప్లొమా చివరి ఏడాది చదువుతున్నాడు. వచ్చే నెల నుంచి ఆరు నెలల ఇండస్ట్రియల్ ట్రైనింగ్. కాలేజీకి ఎంఓయూ (రాతపూర్వక ఒప్పందం) ఉన్న ఒక కంపెనీకి వెళ్లమంటున్నారు. అక్కడ చేసొచ్చిన సీనియర్లేమో పని నేర్పలేదంటున్నారు. ఆటోనగర్‌లో నాన్నకు తెలిసిన సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే మెషిన్ల) షాపు ఉంది, చిన్నది. అమ్మకు పెద్ద కంపెనీ సర్టిఫికెట్ కావాలి, నాన్న ఆటోనగరే నయమంటారు. నాలుగు రోజులుగా ఇంట్లో ఇదే టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లపాడు డిప్లొమా
అన్నా, నేను ఎంఓయూ ఉన్న కంపెనీలోనే చేశాను. సంతకాల రోజు బ్యానర్ కట్టి ఫొటోలు దిగారు. తీరా వెళ్లాక మా పదకొండు మందినీ మెషిన్ల దగ్గరికి రానివ్వలేదు. స్టోర్‌లో బోల్టులు లెక్కపెట్టడం, ప్యాకింగ్, అంతే. ఆఖరి రోజు సూపర్‌వైజర్ లాగ్‌బుక్కులన్నీ బల్ల మీద పేర్చుకుని ఆరు నెలల సంతకాలూ ఒకే పెన్నుతో పెట్టేశారు. నా దాంట్లో 'సీఎన్‌సీ టర్నింగ్ నేర్చుకున్నాడు' అని ఉంది. తర్వాత ఇంటర్వ్యూలో ఆ లైను మీద వేలు పెట్టి, టూల్ ఆఫ్‌సెట్ (టూల్ కొస ఎక్కడుందో మెషిన్‌కి చెప్పే కొలత) ఎలా తీస్తావని అడిగారు. నోరు పెగల్లేదు. ఇప్పటికీ తలుచుకుంటే బాధగా ఉంటుంది. మీ తమ్ముణ్ని అలాంటి చోటికి పంపకండి.

ఆటోనగర్ టర్నర్
మా షాపులో ఏటా ఇద్దరు పిల్లల్ని తీసుకుంటాం. మొదటి నెల డ్రాయింగ్ చదవడం, వెర్నియర్, మైక్రోమీటర్‌లతో కొలవడం. రెండో నెల మామూలు లేత్. సీఎన్‌సీ ముట్టుకునేది మూడో నెలలోనే.

పోయినేడాది ఒక అబ్బాయి మొదటిసారి సొంతంగా ప్రోగ్రామ్ నడిపాడు. సింగిల్ బ్లాక్ (ఒక్కో లైనుకీ ఆగే పద్ధతి) పెట్టించి, ఫీడ్ (టూల్ కదిలే వేగం) బాగా తగ్గించి, ఆ నాబ్ మీద నుంచి చెయ్యి తీయొద్దన్నాను. ఒక్కో లైనుకీ బటన్ నొక్కుతున్నాడు. టూల్ జాబ్ (చెక్కాల్సిన ముక్క) దగ్గరికి వచ్చేసింది. స్క్రీన్ మీద ఇంకా 40 మిల్లీమీటర్లు పోవాలని చూపిస్తోంది, కంటికి చూస్తే వేలు పట్టేంత సందు కూడా లేదు. నేను నోరు తెరిచేలోపు వాడే ఫీడ్ సున్నాకి తిప్పేశాడు. చూస్తే ఆఫ్‌సెట్ తప్పు కొట్టాడు. ఆపకపోతే టూల్ కొసన కోసే ఇన్సర్ట్ పోయేది, జాబ్‌ని పట్టుకునే చక్‌కి తగిలితే దాన్ని తిప్పే స్పిండిల్‌కే దెబ్బ. ఆ రోజే వాడికి పని వచ్చిందనుకున్నాను.

ఇలా నేర్పాలంటే పక్కన ఒక మనిషి నిలబడాలి, ఆ సేపు మా పని ఆగుతుంది. అయినా నేర్పుతాం. కానీ ఇన్నేళ్లలో కాలేజీ నుంచి ఒక్క లెక్చరర్ కూడా వచ్చి పిల్లలేం చేస్తున్నారో చూడలేదు. నాకు కష్టం అనిపించేది అదొక్కటే.

గుంటూరు లెక్చరర్
టర్నర్ గారూ, మీరన్నది నిజం. సిలబస్ ఎస్‌బీటీఈటీ (రాష్ట్ర సాంకేతిక విద్యా బోర్డు) నుంచి వస్తుంది, అది మా చేతిలో లేదు. ల్యాబ్ గంటల్లో ఏం చేయించాలో మాత్రం కొంత మా చేతిలోనే ఉంది. రెండేళ్లుగా శనివారాలు ఒక షాపు మెషినిస్టుని ల్యాబ్‌కి పిలిపిస్తున్నాం. వేసవి సెలవుల్లో నేనే ఆ షాపులో పది రోజులు నిలబడి పని చూశాను. వచ్చాక ల్యాబ్‌లో ఒక కొత్త అలవాటు పెట్టాం: తప్పున్న ప్రోగ్రామ్ ఇచ్చి, మెషిన్ ఎక్కడ ఆపాలో చెప్పమంటాం. పుస్తకం బట్టీ పట్టిన పిల్లలు అక్కడే ఆగిపోతారు.

డల్లాస్‌లో గుంటూరమ్మాయి
నేను ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో నెట్‌వర్కింగ్ చదివాను. మన పాలిటెక్నిక్‌లాగే తక్కువ ఫీజు, రెండేళ్ల చదువు. 1992లో వచ్చిన చట్టంతో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇలాంటి కాలేజీల టెక్నీషియన్ కోర్సులకు నిధులిస్తోంది. ఆ నిధులతోనే టెక్సస్‌లోని కాలిన్ కాలేజీలో 'బిల్ట్' అనే పద్ధతి పెరిగింది. చుట్టుపక్కల కంపెనీల్లో పని తెలిసినవాళ్లు ఏటా కూర్చుని, వచ్చే ఏడాది నుంచి మూడేళ్లలో తమకు ఏ నైపుణ్యాలు కావాలో ఒక్కోదానికీ మార్కులు వేస్తారు. లెక్చరర్లు వాటిని సిలబస్‌తో పోల్చి, ఏం మార్చారో తిరిగి ఆ కంపెనీలకే చెప్పాలి. ఇందులో నాకు బాగా నచ్చింది ఆ తిరిగి చెప్పడమే. మన ఎంఓయూల్లో ఫొటో తర్వాత ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోరు. ఆటోనగర్ షాపులూ, బెజవాడ గుంటూరు పాలిటెక్నిక్‌లూ ఏడాదికి ఒక్క పూట కూర్చున్నా ఇది చేయొచ్చు.

గన్నవరం హెచ్‌ఆర్
ఒక విషయం కలుపుతాను. కోర్సులో భాగమైన ట్రైనింగ్ వేరు, డిప్లొమా అయ్యాక చేసే అప్రెంటిస్‌షిప్ వేరు. రెండోది 1961 అప్రెంటిస్‌ల చట్టం కిందకు వస్తుంది. 2019లో మార్చిన రూల్స్ ప్రకారం 30 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. నలుగురి నుంచి 29 మంది వరకు ఉంటే యజమాని ఇష్టం. అంటే చిన్న షాపు కూడా తీసుకోవచ్చు, చాలామందికి ఈ సంగతే తెలియదు.

భవానీపురం అమ్మ
మా పాప ఇంటర్ అయిపోయింది, కంప్యూటర్ వైపు ఇలాంటివి ఉన్నాయా?

గన్నవరం హెచ్‌ఆర్
ఉన్నాయండీ. హెచ్‌సీఎల్ వాళ్ల టెక్‌బీ ఇంటర్ పిల్లల కోసమే. ముందు శిక్షణ, తర్వాత ఉద్యోగం చేస్తూ డిగ్రీ. ఫీజు, షరతులు కాగితం మీద పూర్తిగా చదివాకే చేర్చండి.

పటమట అన్నయ్య
నిన్న తమ్ముణ్ని ఆటోనగర్ షాపుకి తీసుకెళ్లాను. ఓనర్ గారు ఏమీ మాట్లాడకుండా ఒక షాఫ్ట్ ముక్కా, వెర్నియరూ చేతిలో పెట్టారు. వీడు కొలిచి 24.36 మిల్లీమీటర్లు అన్నాడు. ఆయన మైక్రోమీటర్‌తో కొలిచి తల ఊపారు. లాగ్‌బుక్‌లో ఏ రోజు పని ఆ రోజే రాసి సంతకం పెడతానన్నారు. అమ్మ కూడా సరేనంది. కాలేజీ పర్మిషన్ కోసం గురువారం వెళ్తున్నాం. లెక్చరర్ మేడమ్, లెటర్‌లో ఏం రాయమంటారు?

గుంటూరు లెక్చరర్
షాపులో ఉన్న మెషిన్ల వివరాలు, ఏ నెలలో ఏ పని నేర్పుతారో రాయించి, ఓనర్ గారి సంతకం తీసుకోండి బాబూ. మీ లెక్చరర్ కనీసం రెండుసార్లు షాపుకి వచ్చి చూడాలని కూడా రాయండి. కాదంటే నాకు ఇక్కడే మెసేజ్ పెట్టండి, మేం వాడే ఫార్మాట్ పంపిస్తాను.