కరిగించిన మూలకణాలను వెంటనే ఎక్కించాలా, ఒక రోజు ఆగాలా?

ప్రశ్న (శ్రావ్య): మెసెన్‌కైమల్ మూలకణాలను (మజ్జ, కొవ్వు లాంటి చోట్ల నుంచి తీసే, రోగనిరోధక శక్తి అతిని తగ్గించేందుకు వాడే కణాలు) గడ్డకట్టించి దాచి, అవసరం పడ్డప్పుడు కరిగించి నేరుగా రోగికి ఎక్కిస్తున్నారు. కరిగించగానే ట్రిపాన్ బ్లూ అనే రంగు వేసి చూస్తే చాలా కణాలు బతికే ఉంటాయి కదా. మరి ఒక రోజు కల్చర్‌లో (ల్యాబ్‌లో పోషక ద్రవంలో) ఉంచాలని కొందరు ఎందుకు పట్టుబడుతున్నారు?

కిరణ్: ఆ పరీక్షను నమ్ముకోవడమే చిక్కండీ. పొర చిరిగిన కణానికే ఆ రంగు ఎక్కుతుంది. లోపల దెబ్బ తిన్నా పొర నిలిచి ఉంటే బతికినట్టే లెక్క. అలాంటివి కొన్ని గంటలకో, మర్నాటికో చచ్చిపోతాయి. బతికినవైనా పని చేస్తాయా అన్నది ఇంకో సంగతి. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో, అప్పుడే కరిగించిన కణాలు ఇంటర్‌ఫెరాన్ గామా అనే రోగనిరోధక సంకేతానికి సరిగా స్పందించలేదు, టి కణాలనే రోగనిరోధక కణాలను అదుపు చేయడంలో వెనకబడ్డాయి. 24 గంటలు కల్చర్‌లో ఉంచితే ఆ శక్తి తిరిగొచ్చింది.

మాధవి: గడ్డకట్టించడాన్నే తప్పుపట్టకండి. 1988లో ప్యారిస్‌లో ఫాంకోనీ అనీమియా (మజ్జ సరిగా పనిచేయని జన్యు వ్యాధి) ఉన్న పిల్లవాడికి ఎక్కించిన బొడ్డుతాడు రక్తం గడ్డకట్టించి దాచినదే. అది పనిచేసింది. పైగా ప్రాణం మీదికొచ్చిన రోగికి రేపటిదాకా ఆగమని ఎలా చెబుతాం? కల్చర్ అంటే శుభ్రమైన గది, మనుషులు, మళ్లీ పరీక్షలు.

కిరణ్: మాధవి గారూ, ఆ పోలిక ఇక్కడ కుదరదు. బొడ్డుతాడు రక్తంలో ఉండే రక్త మూలకణాలు మజ్జలోకి చేరి మళ్లీ పెరుగుతాయి, కొన్ని పోయినా మిగిలినవి లోటు పూడుస్తాయి. మెసెన్‌కైమల్ కణాల్లో చాలావరకు ఒంట్లో ఎక్కువ కాలం నిలవవు. మొదటి గంటల్లోనే నీరసంగా ఉంటే ఇక చేసేదేముంది?

నిల్వ సంగతీ చూడాలి. మంచు స్ఫటికాల దెబ్బ నుంచి కాపాడే డీఎంఎస్‌ఓ అనే ద్రవం కలిపి నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబరచి, నైట్రోజన్ ఆవిరిలో మైనస్ 150 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువన పెడతారు. అంత జాగ్రత్తగా దాచినా, ఒక సంచి వెతకడానికి ర్యాక్ మొత్తం పైకి లాగి లేబుళ్లు చదువుతూ నిలబడితే పక్క సంచులన్నీ కాస్త వేడెక్కుతాయి. ఇలా పదేపదే జరిగితే కణాలు దెబ్బతింటాయి, రికార్డులో మాత్రం ట్యాంకు ఉష్ణోగ్రత బాగానే కనబడుతుంది.

అత్యవసరంలో ఆగలేమన్న మీ మాట ఒప్పుకుంటాను. కానీ అప్పుడు కణాల పనితనం పరీక్షను గడ్డకట్టించక ముందు కాదు, కరిగించిన నమూనా మీద చేయాలి. రోగికి వెళ్లేది అదే కదా.