నిలువు మానిటర్ ఆర్కేడ్ బాక్స్‌కి ఏ ఫ్రంటెండ్ మేలు?

ప్రశ్న: పాత ఆఫీసు పీసీతో ఆర్కేడ్ బాక్స్ కడుతున్నా. విండోస్ 10, 8 జీబీ ర్యామ్. 19 అంగుళాల మానిటర్‌ని నిలువుగా బిగించాను, ఎందుకంటే ఆడేదంతా ప్యాక్‌మ్యాన్, గలాగా, 1942 లాంటి నిలువు స్క్రీన్ గేమ్‌లే. ఫ్రంటెండ్‌గా, అంటే గేమ్‌లు ఎంచుకునే మెనూగా, లాంచ్‌బాక్స్ చూశాను, బాగుంది. కానీ జాయ్‌స్టిక్‌తో నడిచే దాని బిగ్‌బాక్స్ మోడ్ కావాలంటే డబ్బు కట్టాలట. పిల్లల చేతికి కీబోర్డు, మౌస్ అందకూడదు. ఏది పెట్టమంటారు?

జవాబు: అట్రాక్ట్‌మోడ్ పెట్టు తమ్ముడూ, ఉచితం. ట్యాబ్ కీ నొక్కితే సెట్టింగులు వస్తాయి, జాయ్‌స్టిక్ బటన్లు అక్కడే కేటాయించుకోవచ్చు. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే గేమ్ వీడియోలు దానంతటవే ఆడతాయి, వీడియోలు నువ్వు వేసుకుంటేనే సుమా! చూడ్డానికి మొదట బోసిగా ఉంటుంది. లేఅవుట్ మార్చాక చెప్పు.

జవాబు: విండోస్‌ని కదపకుండా చూడాలంటే బటోసెరాని (పాత గేమ్‌ల కోసమే చేసిన లినక్స్ సిస్టమ్) పెన్‌డ్రైవ్‌లో వేసి బూట్ చేయండి. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేయడమే. ఇంకో మాట: ఫ్రంటెండ్ కేవలం మెనూ. గేమ్ తెరుచుకోకపోతే దాన్ని తిట్టకండి, ముందు రామ్‌సెట్ (గేమ్ ఫైళ్ల సెట్), మేమ్ (ఆ గేమ్‌లను పీసీలో నడిపే ఎమ్యులేటర్) వెర్షన్ కలిశాయో లేదో చూడండి. ఉదాహరణకి మేమ్ 2003 కోర్‌కి (మేమ్ పాత వెర్షన్‌కి) 0.78 రామ్‌సెట్టే కావాలి.

ప్రశ్న అడిగినవారు: అట్రాక్ట్‌మోడ్ వేశాను అన్నా. మెనూ నిలువుగానే ఉంది, గలాగా మాత్రం అడ్డంగా పడుకుంది!

జవాబు: విండోస్‌లో స్క్రీన్ తిప్పావు కదా? మేమ్‌లో కూడా తిప్పి ఉంటావు. ఒకచోటే ఉంచు, మేమ్‌లోది తీసెయ్.