తమ్ముడి బట్టతలకి కొత్త మందుల కోసం ఆగాలా, ఉన్నవి మొదలుపెట్టాలా?

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. మా తమ్ముడికి 26 ఏళ్లు. నుదుటి రెండు పక్కలా, నడినెత్తినా జుట్టు బాగా పలచబడింది. డాక్టరు గారు వంశపారంపర్యమేనని చెప్పి 5 శాతం మినాక్సిడిల్ పూతమందు, రోజుకి 1 మి.గ్రా. ఫినాస్టరైడ్ మాత్ర రాశారు. మాత్ర, కుదుళ్లని కుంచింపజేసే డీహెచ్‌టీ అనే హార్మోనుని తగ్గిస్తుందట, ఆపేస్తే మళ్లీ రాలడం మొదలవుతుందట. కొద్దిమందికి లైంగిక సమస్యలు వస్తాయని చదివి వాడు మాత్ర ముట్టుకోవట్లేదు.

"క్లాస్కోటెరోన్ వస్తుంది, పీపీ405 వస్తుంది, అప్పుడు చూద్దాం అక్కా" అంటాడు. మొదటిది మొటిమల క్రీముగా 2020లోనే అమెరికాలో అనుమతి పొందింది, బట్టతలకి వేరే మోతాదులో పరీక్షించారు. రెండోది కుదుళ్లలోని మూలకణాల్ని నిద్రలేపే మందట. ఈలోపు కుదుళ్లు పూర్తిగా కుంచించుకుపోతే ఏ మందొచ్చి ఏం లాభమని నా భయం.

ఫినాస్టరైడ్‌ని మాత్రగా కాకుండా తలకి రాసుకునే రూపంలో వాడినవాళ్లున్నారా? తేడా తెలిసిందా? మినాక్సిడిల్ ఒక్కటే వాడితే జుట్టు నిలబడిందా? శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ ఓపిగ్గా వివరించే చర్మ వైద్యులు ఎవరైనా ఉంటే చెప్పండి, విశాఖ దాకా వాడు రానంటున్నాడు.

సంబంధాలు చూస్తున్నాం. ఫొటో చూడగానే "అబ్బాయి వయసెంతండీ" అని అడుగుతున్నారు. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందని మా పెద్దమ్మ పోరు. గుండుతో కుదుళ్లేం మారవు కదా! ఏడు రోడ్ల జంక్షన్‌కైనా టోపీ లేకుండా రావట్లేదు వాడు. బంగారం లాంటి పిల్లాడు. ఈ దశ దాటిన అన్నయ్యలు వాడితో ఎలా మాట్లాడాలో చెప్పండి, దయచేసి.