నవల రాసే గంట ఎవరి సమయంలోంచి వస్తుంది?

సగం నవల:
అందరికీ నమస్కారం. నాది పొద్దున వెళ్తే సాయంత్రం వచ్చే ఉద్యోగం. ఇంట్లో బడికి వెళ్లే పిల్లలున్నారు. రాస్తున్న నవల పదకొండో ప్రకరణం దగ్గర మొరాయించింది. రోజూ అరగంటైనా రాయమని కొందరు అంటారు. అలా రాస్తే అతుకులబొంత అవుతుందని, సెలవు పెట్టి ఏకబిగిన రాయమని ఇంకొందరు. మా ఇంట్లో వాళ్లకైతే రెండు పద్ధతులూ నచ్చలేదు. ఉద్యోగం, సంసారం వదలకుండా నవల పూర్తి చేసినవాళ్లు ఏమంటారు?

కోడికూత:
రోజూ రాయడమే. ఇందులో చర్చ ఎందుకో నాకు అర్థం కాదు. రోజుకు 300 పదాలు, వారానికి 5 రోజులు, ఏడాదికి 50 వారాలు లెక్క వేసుకోండి. 75,000 పదాలు. ఓ మోస్తరు నవలకు అంతకంటే ఏం కావాలి? ఆంథొనీ ట్రోలప్ బ్రిటన్ తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే తెల్లవారుజామున 5.30కల్లా బల్ల ముందు ఉండేవాడు. వాచీ ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 పదాల చొప్పున రాసేవాడు. 1867లో ఉద్యోగం వదిలేనాటికే పేరు మోసిన రచయిత. మొత్తం 47 నవలలు రాశాడు. మనసు కుదిరినప్పుడు రాస్తానంటే అమావాస్యకో పున్నానికో ఒక పేజీ వస్తుంది.

ఏకబిగి:
పదాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే వచ్చేవి పదాలే, నవల కాదు. నిన్న ఎక్కడ ఆపానో వెతుక్కుని, ఆ పాత్ర గొంతు మళ్లీ చెవిన పడేసరికే నాకు గంట దాటుతుంది. అరగంట చొప్పున రాసిన రోజుల్లో మూడో ప్రకరణంలో చనిపోయిన మేనత్త తొమ్మిదో ప్రకరణంలో నిక్షేపంగా వచ్చి కథానాయకుణ్ణి మందలించింది. కాఫ్కా సంగతి చూడండి. ప్రాగ్‌లో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో ఉద్యోగి. 1912 సెప్టెంబరు 22 రాత్రి 10 గంటలకు కూర్చుని, తెల్లవారి 6 గంటలకు లేచేసరికి ఒక కథ మొదలూ చివరా పూర్తయిపోయాయి. అలా తప్ప రాయకూడదని ఆయనే డైరీలో రాసుకున్నాడు.

కోడికూత:
అది కథ. ఆయన నవలలు మూడూ అసంపూర్తిగానే మిగిలాయి కదా!

ఏకబిగి:
క్షయతో 40 ఏళ్లకే పోయిన మనిషిని పట్టుకుని పూర్తి చేయలేదేమని అడుగుతారా కోడికూత గారూ?

రచయిత భార్య:
నేను రాయను. మా ఆయన రాస్తారు. కాబట్టి మీ ఇద్దరి పద్ధతులూ పక్కనుండి చూసినదాన్ని.

ముందు ట్రోలప్ గారి సంగతి. ఆయన్ను రోజూ లేపింది గడియారం కాదు. గుర్రాల పని చూసే ఒక ముసలి నౌకరు. ఆ పనికి అతనికి ఏడాదికి 5 పౌండ్లు అదనంగా ఇచ్చేవాణ్ణని, తన విజయానికి అందరికంటే అతనికే ఎక్కువ రుణపడ్డానేమోనని ట్రోలపే ఆత్మకథలో రాశాడు. పావుగంటకు 250 పదాల లెక్క అందరూ చెబుతారు, ఈ 5 పౌండ్ల లెక్క ఎవరూ చెప్పరు! ఇక కాఫ్కాకు ఆఫీసు మధ్యాహ్నం 2 గంటలకే అయిపోయేది. పెళ్లీ చేసుకోలేదు.

తెల్లవారుజామున లేచే మనిషికి రాత్రి తొమ్మిదింటికే కళ్లు మూతపడతాయి. అప్పుడు మిగిలిన పనులన్నీ ఎవరి మీద పడతాయి? సెలవులన్నీ నవలకు పెట్టేసిన మనిషికి, పిల్లవాడికి జ్వరం వచ్చిన రోజున సెలవు ఉండదు. నాకు అన్నిటికంటే ఒళ్లు మండేది ఇంకొకటి ఉంది. ఎదురుగా కూర్చుని నేను చెప్పేదానికి ‘ఊ’ కొడుతుంటారు. ఆ ఊకొట్టుడు నాకు కాదని తెలుస్తూనే ఉంటుంది. కరెంటు బిల్లు కట్టారా అంటే ‘ఊ’. కట్టి ఉండరు.

గొడవ పడగా పడగా మాకొక ఒప్పందం కుదిరింది. మంగళ, గురు, శనివారాల్లో ఆయన తలుపు వేసుకుంటారు. ఇల్లు కూలుతున్నా నేను తట్టను. మిగతా రోజుల్లో కాగితం, కంప్యూటర్ ముట్టుకోకూడదు. ఆదివారం మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా నాది. ఎక్కడికి వెళ్తున్నానో అడగకూడదు. రోజూ రాస్తారా, సెలవులో రాస్తారా అన్నది మీ ఇష్టం. ఆ గంట ఎవరి దగ్గర తీసుకుంటున్నారో వాళ్లను ముందుగా అడగండి, దానికి బదులు ఏమిస్తారో కూడా అప్పుడే చెప్పండి.

ఏకబిగి:
అమ్మా, మీరన్నది న్యాయమే. కానీ పాత్రలకు వారాలు తెలియవు. బుధవారం మంచి సంభాషణ తడితే ఏం చేయాలి?

రచయిత భార్య:
చీటీ మీద రెండు ముక్కలు రాసి జేబులో పెట్టుకుంటారు. దానికి అనుమతి ఉంది.

ఒంటరి తల్లి:
ఇక్కడ అందరికీ బేరమాడటానికి ఇంట్లో ఇంకొక మనిషి ఉన్నారు. నాకు లేరు. టోనీ మోరిసన్ ఇద్దరు కొడుకులను ఒక్కతే పెంచుతూ, రాండమ్ హౌస్‌లో సంపాదకురాలిగా పనిచేస్తూ, పిల్లలు లేవకముందే రాసుకునేది. మొదటి నవల 1970లో వచ్చింది, నోబెల్ 1993లో. ఆమెను చూసి అందరూ తెల్లవారుజామున లేవండని చెబుతుంటే నాకు చిరాకు. ఎవరూ ‘అమ్మా’ అని పిలవని సమయం ఇంకొకటి దొరకలేదు కాబట్టి ఆ గంట. అందులో సుగుణమేమీ లేదు.

పైగా ఏ ఉద్యోగం అన్నది కూడా చూడాలి. పొద్దంతా నివేదికలు రాసే పని నాది. సాయంత్రానికి వాక్యం కనిపిస్తేనే విరక్తి. అందుకే నవల బస్సులో ఆలోచిస్తాను. తోచింది ఫోనులో మెల్లగా చెప్పి రికార్డు చేసుకుంటాను. ఏకబిగి గారి మేనత్త సమస్యకు మందు చాలా చవక: ఒక నోటుపుస్తకంలో పాత్రల పేర్లు, వయసులు, ఎవరు ఎప్పుడు పోయారో రాసిపెట్టుకోవడం. ఇంకొకటి, ఆపేటప్పుడు వాక్యం పూర్తి చేయను. ‘అతను ఉత్తరం విప్పి’ అని రాసి లేచిపోతాను. మర్నాడు విప్పక తప్పదు.

కోడికూత:
ఈ సగం వాక్యం పద్ధతి బాగుంది. అయితే చూశారా, మీరు కూడా రోజూ రాస్తున్నారు!

ఒంటరి తల్లి:
పిల్లలకు పరీక్షలైతే నెల రోజులు అటు చూడను. ఆ నెలకు నన్ను నేను తిట్టుకోవడం మానేశాక నవల ముందుకు కదిలింది.

సగం నవల:
అందరికీ కృతజ్ఞతలు. చర్చంతా ఇంట్లో చదివి వినిపించాను. బుధవారం రాత్రి, శనివారం ఉదయం నాకు. బదులుగా పిల్లల హోంవర్కు మొత్తం నాది, లెక్కలతో సహా. ఏకబిగి గారి మాటనూ కొట్టిపారేయలేను. చివరి ప్రకరణాలు ముక్కలుగా రాయడం నా వల్ల కాదు. వాటికోసం నాలుగు రోజుల సెలవు అడిగాను. ఆ బేరం ఇంకా తెగలేదు.

రచయిత భార్య:
నాలుగు రోజులకు నాలుగు రోజులు అడగమని మీ ఇంట్లోవాళ్లకు నా మాటగా చెప్పండి.